అందరూ మంచిదంటున్నారు... మరి మనం అడిగామా?

షాబాన్ నెల వచ్చిందంటే మన ఇళ్ళలో రమజాన్ సన్నాహాలు మొదలవుతాయి. ఇల్లు కడగడం, బియ్యం, పప్పులు తెచ్చి పెట్టుకోవడం, ఖుర్ఆన్ గ్రంథానికి కొత్త గలీబు కుట్టించడం మామూలే. ఈ మధ్య ఈ జాబితాలో మరొకటి చేరింది: "పొట్ట కడగడం." రమజాన్ రాకముందే వారం రోజులు నిమ్మరసం, తేనె నీళ్ళు, సొరకాయ రసం తప్ప మరేమీ ముట్టకుండా ఉంటే శరీరంలోని విషాలన్నీ పోతాయట. దీనికి 'డిటాక్స్' అని పేరు. పండగ తర్వాత మళ్ళీ ఒకసారి చేస్తే హలీము, సేమ్యాల కొవ్వంతా కరిగిపోతుందట!

మా బంధువుల్లో ఒక ఖాలా ఉన్నారు. పన్నెండేళ్ళుగా షుగరు మాత్రలు వాడుతున్నారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చెప్పిన మాట విని ఆమె కూడా ఈ పని మొదలుపెట్టాలనుకున్నారు. ముందుగా మమ్మల్ని అడిగారు: "బేటా, నేను చేయొచ్చా?" మేము ఆలోచించలేదు. "అందరూ మంచిదంటున్నారు కదా ఖాలా, చేయండి" అనేశాం. ఆమె అన్నం మానేశారు, మాత్ర మాత్రం మానలేదు. మూడో రోజు ఫజ్ర్ వేళకు ఎంత పిలిచినా లేవలేదు. ఒళ్ళంతా చెమట, మాట లేదు. కొడుకు ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. రక్తంలో చక్కెర పూర్తిగా పడిపోయిందన్నారు. సెలైనులో గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరిచారు. అల్‌హమ్దులిల్లాహ్, ఆమె బతికి బయటపడ్డారు. "షుగరు మాత్ర మింగి తిండి మానేస్తే ఇంకేమవుతుందమ్మా?" అని డాక్టరు అడిగినప్పుడు ఆమె తల దించుకున్నారు. నిజానికి తల దించుకోవలసింది ఆమె కాదు, మేము. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం కూడా అదే.

ప్రియ సోదర సోదరీమణులారా! "అందరూ అంటున్నారు" అన్న మాట మన నోట రోజుకెన్నిసార్లు వస్తుందో లెక్కే లేదు. ఆ మాట ఎంత బరువైనదో ఇస్లాం వెలుగులో కాస్త ఆలోచిద్దాం.

ప్రజలు ఏమంటున్నారు?

ఈ విషయంలో జనాభిప్రాయం మూడు విధాలుగా ఉంది. "నాలుగు రోజులు చేశాను, ఒళ్ళు తేలికైంది, మొహం కళకళలాడింది" అనేవారు కొందరు. "ఇదంతా డబ్బు గుంజే వ్యాపారం" అని కొట్టిపారేసేవారు కొందరు. "మేలు చేయకపోయినా కీడైతే చేయదు కదా" అనేవారు మరికొందరు. నిజం చెప్పాలంటే ఎక్కువ ఇళ్ళలో చెల్లుబాటయ్యేది ఈ మూడో మాటే. మేము ఖాలాతో అన్నది కూడా దాదాపు ఇదే.

మొదటి వర్గం వారు అబద్ధమాడుతున్నారని మేము అనడం లేదు. వారికి నిజంగానే తేలికగా అనిపించి ఉంటుంది. వారం రోజులు మిఠాయిలు, బజ్జీలు, కూల్‌డ్రింకులు, అర్ధరాత్రి బిర్యానీలు మానేస్తే ఎవరికైనా ఒళ్ళు తేలికపడుతుంది. ఆ మేలు మానేసిన వాటివల్ల కలిగింది. పేరు మాత్రం తాగిన రసానికి వచ్చింది! బరువు సంగతీ అంతే. తిండి తగ్గించిన మొదటి రోజుల్లో తగ్గే బరువులో ఎక్కువ భాగం నీరే. కాలేయంలో, కండరాల్లో దాచిన చక్కెర నిల్వలు ఖర్చవుతూ ఉంటే వాటితోపాటు ఉన్న నీరు కూడా బయటికి పోతుంది. మళ్ళీ అన్నం మొదలుపెట్టగానే ఆ బరువు తిరిగి వస్తుంది. మేలు కలిగినట్టు అనిపించడం వేరు, మేలు కలగడం వేరు.

2017, 2018 సంవత్సరాల్లో మన తెలుగునాట కొబ్బరినూనె, నిమ్మకాయలు, సూపులతో సాగే ఒక ఆహార పద్ధతి ఊరూరా చర్చనీయాంశమయింది. షుగరు తగ్గిందని, బరువు తగ్గిందని ఎందరో సంతోషంగా చెప్పుకున్నారు. వైద్యుల్లో అనేకులు అభ్యంతరం చెప్పారు. పిండి పదార్థాలు తగ్గిస్తే రక్తంలో చక్కెర తగ్గుతుందన్నది నిజమే. అయితే అప్పుడు మాత్రల మోతాదు ఎంత తగ్గించాలి, ఎవరి మూత్రపిండాలు ఆ మార్పుకు తట్టుకుంటాయి అన్నవి పరీక్షలు చేసి వైద్యుడు తేల్చవలసిన విషయాలు. పక్కింటివారి అనుభవం పక్కింటివారి శరీరానిది. మన శరీరానికి అది సాక్ష్యం కాజాలదు.

శరీరాన్ని కడిగేది ఎవరు?

కాసేపు మన శరీరంలోకే చూద్దాం. సృష్టికర్త మన వీపు వెనుక పిడికిలంత పరిమాణంలో రెండు మూత్రపిండాలు అమర్చాడు. అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో దాదాపు అంతా శుభ్రపరచి తిరిగి రక్తంలోకే పంపి, ఒకటి రెండు లీటర్లను మాత్రమే మూత్రంగా బయటికి నెడతాయి. కుడివైపు పక్కటెముకల కింద కాలేయం ఉంది. మనం తిన్న మాంసకృత్తుల నుంచి పుట్టే అమోనియా అనే విషాన్ని అది యూరియాగా మార్చి మూత్రపిండాలకు అప్పగిస్తుంది. మింగిన మందులను కూడా అదే విడగొడుతుంది. ఊపిరితిత్తులు ప్రతి శ్వాసతోనూ బొగ్గుపులుసు వాయువును బయటికి పంపుతాయి. పేగుల లోపలి పొర కొద్ది రోజులకొకసారి తనంతట తానే కొత్తదవుతూ ఉంటుంది. కనుక "ఏళ్ళ తరబడి పేగులకు మడ్డి అంటుకుని ఉంది, మా పొడి దాన్ని ఊడగొడుతుంది" అన్న ప్రచారానికి ఆధారం లేదు.

మనం నిద్రపోతున్నా, నమాజులో ఉన్నా, అంగట్లో బేరమాడుతున్నా ఈ పని ఆగదు. దీనికి మనం ఒక్క రూపాయి చెల్లించలేదు. మానవుణ్ణి అత్యుత్తమమైన ఆకృతిలో సృష్టించానని అల్లాహ్ 'అత్తీన్' సూరాలో సెలవిచ్చాడు. ఆ ఏర్పాటును గుర్తించి కృతజ్ఞత చెప్పవలసిన మనం, అది సరిపోదన్నట్టు సీసాల వెంట పరుగెత్తుతున్నాం. ఈ మూత్రపిండాలు నిజంగా పాడైనప్పుడు వాటి పని చేయడానికి డయాలసిస్ యంత్రం కావాలి. సీసం వంటి లోహాలు ఒంట్లో చేరితే ఆసుపత్రిలో విరుగుడు మందులు ఇస్తారు. విషాన్ని తొలగించడం అంటే అసలు అర్థం అదీ. నిమ్మకాయ నీళ్ళు ఆ పని చేయవు.

ఈ పేరుతో జరిగే అమ్మకాల గురించి పరిశోధకులు విచారించారు కూడా. 2009లో బ్రిటన్‌లోని 'సెన్స్ అబౌట్ సైన్స్' సంస్థ తరఫున యువ శాస్త్రవేత్తలు ఇలాంటి 15 సరుకుల తయారీదారులను ఆధారాలు అడిగారు. వాటిలో ఏ ఇద్దరూ 'డిటాక్స్' అన్న మాటకు ఒకే అర్థం చెప్పలేకపోయారు. ఒంట్లోంచి ఏ విషం పోతుందో రుజువు చూపినవారు లేరు. 2015లో ఒక పోషకాహార శాస్త్ర పత్రికలో వచ్చిన సమీక్ష కూడా ఈ పథ్యాల గొప్పను నిరూపించే సరైన వైద్య పరీక్షలు లేవనే తేల్చింది.

నిమ్మరసం పథ్యం కథ

నేడు ఎన్నో రూపాల్లో తిరుగుతున్న నిమ్మరసం పథ్యానికి పేరు తెచ్చింది అమెరికాకు చెందిన స్టాన్లీ బరోస్ అనే వ్యక్తి. నిమ్మరసం, మేపుల్ చెట్టు పాకం, కాస్త మిరప్పొడి నీళ్ళలో కలిపి కనీసం పది రోజులు అదే తాగాలి, అన్నం ముట్టకూడదు అన్నది 1940లలో మొదలైన ఆయన పద్ధతి. 1976లో దానిపై పుస్తకం వేశాడు. రక్త క్యాన్సరు సోకిన ఒక యువకుడు ఆయన్ని నమ్మి, ఈ నిమ్మరసంతో, మర్దనాలతో చికిత్స చేయించుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. కేసు కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1984లో ఆ కోర్టు హత్యానేరం తీర్పును కొట్టివేసింది గానీ, లైసెన్సు లేకుండా వైద్యం చేసిన నేరాన్ని మాత్రం ఖాయపరిచింది. ఇంత జరిగినా 2006లో ఒక ప్రసిద్ధ గాయని సినిమా పాత్ర కోసం ఈ పథ్యంతో బరువు తగ్గానని చెప్పగానే లోకమంతా మళ్ళీ దాని వెంటపడింది. జనాభిప్రాయం ఎంత తేలికగా మరిచిపోతుందో, ఎంత తేలికగా నమ్ముతుందో చూశారా?

సొరకాయ చెప్పే పాఠం

"కాయగూరల రసమే కదా, కీడేముంటుంది?" అనే సోదరీమణులు ఈ మాట శ్రద్ధగా వినాలి.

సొరకాయ మనకు ప్రియమైన కూర. ఒక దర్జీ దైవప్రవక్త (స) వారిని భోజనానికి పిలిచి బార్లీ రొట్టె, ఎండుమాంసం, సొరకాయ వేసి వండిన పులుసు వడ్డించాడు. ఆయన (స) పళ్ళెంలో సొరకాయ ముక్కల కోసం వెతుక్కుంటూ తినడం హజ్రత్ అనస్ (రజి) చూశారు. ఆనాటి నుంచి తనకూ సొరకాయ అంటే ఇష్టం ఏర్పడిందని ఆయన చెప్పుకున్నారు. ఈ ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది.

అదే సొరకాయ చేదెక్కితే విషమవుతుంది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త ఆరోగ్యం కోసమని చేదు సొరకాయ రసం తాగి మరణించారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల కమిటీ ఈ విషయాన్ని పరిశీలించింది. 2012లో ప్రచురితమైన దాని నివేదిక చేసిన హెచ్చరికలు ఇవి: రసం తీసేముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడాలి, చేదుగా ఉంటే పారేయాలి, మరో రసంతో కలిపి తాగకూడదు, తాగాక వాంతులు, కడుపునొప్పి, కళ్ళు తిరగడం మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఎంత చిన్న జాగ్రత్త! "ఔషధం చేదుగానే ఉంటుంది" అన్న నమ్మకంతో కళ్ళు మూసుకుని గ్లాసులకు గ్లాసులు మింగేవారికి ఈ చిన్న జాగ్రత్త గుర్తుకు రాదు. అలాగే పాలకూర వంటి ఆకుల రసాలు అదే పనిగా తాగితే వాటిలోని ఆక్సలేట్లు మూత్రపిండాలను దెబ్బతీసిన ఉదంతాలు వైద్య పత్రికల్లో వచ్చాయి. ఇంతకుముందే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ప్రమాదం మరీ ఎక్కువ.

దైవప్రవక్త (స) ఇష్టపడిన సొరకాయ రొట్టెతో, పులుసుతో కలిసి పళ్ళెంలో ఉంది. ఆహారాన్ని ఆహారంగా, మితంగా తినడం ఆయన (స) పద్ధతి. దాన్నొక్కదాన్నే పట్టుకుని తక్కినవన్నీ నిషేధించుకోవడం మనం కల్పించుకున్నది. అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన పరిశుద్ధ వస్తువులను మీకై మీరు నిషేధించుకోవద్దని, హద్దు మీరవద్దని 'అల్ మాయిదా' సూరా 87వ ఆయతు మనల్ని వారిస్తోంది. వైద్యుడు జబ్బునుబట్టి ఉప్పు, చక్కెర మానమంటే అది చికిత్స. కారణం తెలియకుండా అన్నాన్నే శత్రువుగా చూడటం వేరే సంగతి.

రోజా 'డిటాక్స్' కాదు

ఈ మధ్య కొందరు సోదరులు ఇస్లాం గొప్పతనం చెప్పాలన్న ఉత్సాహంతో "రోజా అంటే శరీరానికి డిటాక్స్" అని ప్రసంగిస్తున్నారు. వారి ఉద్దేశం మంచిదే. కానీ రోజా ఎందుకు విధి అయిందో 'అల్ బఖరా' సూరా 183వ ఆయతు స్పష్టంగా చెబుతోంది: మనలో దైవభీతి పెంపొందాలని. కాలేయం కడుక్కోవాలని కాదు. ఆచరణలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయన్న హదీసు మనందరికీ కంఠతా వచ్చు. బరువు తగ్గడానికే ఆకలితో ఉన్నవాడికి బరువు తగ్గవచ్చు. పుణ్యం కావాలంటే సంకల్పం అల్లాహ్ కోసం ఉండాలి.

పైగా రోజాకూ ఈ పథ్యాలకూ ఎంత తేడా ఉందో చూడండి. సహరీ తినమని, అందులో శుభముందని దైవప్రవక్త (స) బోధించారు. సూర్యుడు అస్తమించగానే ఆలస్యం చేయకుండా ఇఫ్తార్ చేయమన్నారు. రాత్రి కూడా తినకుండా రోజాల మీద రోజాలు కొనసాగించడాన్ని వారించారు. రోగికి, ప్రయాణికుడికి అల్లాహ్ మినహాయింపు ఇచ్చాడు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కూడా సడలింపు ఉంది. 'డిటాక్స్' అమ్మేవాడు "మీకు షుగరుందా? గర్భవతులా?" అని అడుగుతాడా?

ఒకసారి అబూ ఇస్రాయీల్ అనే వ్యక్తి ఎండలో నిలబడే ఉంటానని, కూర్చోనని, నీడకు వెళ్ళనని, మాట్లాడనని, రోజా ఉంటానని మొక్కుకున్నాడు. అది తెలిసి దైవప్రవక్త (స) అతన్ని మాట్లాడమని, నీడకు వెళ్ళమని, కూర్చోమని, రోజా మాత్రం పూర్తి చేయమని ఆదేశించారు. బుఖారీలో ఉన్న ఈ ఒక్క సంఘటన చాలు. శరీరాన్ని హింసించడం ఆరాధన కాదు. శరీరం మన సొంత ఆస్తి కాదు, అల్లాహ్ అప్పగించిన అమానతు. మీ చేతులతో మిమ్మల్ని మీరు వినాశంలోకి నెట్టుకోవద్దన్నది దైవాజ్ఞ (2:195).

దైవప్రవక్త (స) పేరుతో వ్యాపారం

మరో బాధాకరమైన విషయం. కలోంజి, తేనె, ఖర్జూరం పొడి కలిపిన సీసాల మీద 'తిబ్బె నబవీ' అని రాసి, "ఇది షుగరును మాయం చేస్తుంది, రక్తాన్ని కడిగేస్తుంది" అని అమ్మేవారు మన మధ్య బయలుదేరారు. తేనెలో ప్రజలకు స్వస్థత ఉందని ఖుర్ఆన్ చెప్పింది. కలోంజి గురించి ప్రామాణిక హదీసు ఉంది. వాటిని మనం మనసారా విశ్వసిస్తాం. కానీ "ఈ సీసా మూడు వారాలు తాగి ఇన్సులిన్ మానేయండి" అని దైవప్రవక్త (స) చెప్పలేదు. ఆయన (స) చెప్పని మాటను ఆయనకు అంటగట్టడం ఎంత ఘోరమో తెలుసా? బుద్ధిపూర్వకంగా అలా చేసేవాడు నరకంలో తన చోటు సిద్ధం చేసుకున్నట్టేనని ఆయన (స) హెచ్చరించారు. ఇక లోకం చట్టం సంగతి: మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది.

వైద్యం రాకుండా వైద్యం చేసి కీడు కలిగించినవాడు దానికి బాధ్యుడన్న హదీసు అబూదావూద్, నసాయీ గ్రంథాల్లో ఉంది. ఇది సీసాలు అమ్మేవాడికే అనుకోకండి. ఉచితంగా సలహాలిచ్చే మనకూ వర్తిస్తుందేమో ఆలోచించాలి.

అజ్ఞానానికి మందు

హజ్రత్ జాబిర్ (రజి) చెప్పిన ఒక సంఘటన అబూదావూద్‌లో ఉంది. ప్రయాణంలో ఒక వ్యక్తి తలకు రాయి తగిలి గాయమైంది. ఆ స్థితిలోనే అతనికి గుసుల్ విధి అయింది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని తోటివారిని అడిగాడు. "నీళ్ళున్నాయి కదా, నీకు ఆ వెసులుబాటు లేదు" అన్నారు వారు. అతను స్నానం చేశాడు, చనిపోయాడు. ఈ సంగతి తెలిసి దైవప్రవక్త (స) తీవ్రంగా బాధపడ్డారు. వారే అతన్ని చంపేశారన్నారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని నిలదీశారు. అజ్ఞానానికి మందు అడగడమేనని బోధించారు.

సోదరులారా! ఆ తోటివారు దుర్మార్గులు కారు. అతని మేలు కోరినవారే. ధర్మాన్ని కాపాడుతున్నామనే అనుకున్నారు. అయినా తెలియకుండా చెప్పిన ఒక్క మాట ఒక ప్రాణం తీసింది. ఖాలా ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నప్పుడు మాకు ఈ హదీసే గుర్తుకొచ్చింది. ఎన్నోసార్లు చదివాం, ఇతరులకు వినిపించాం. కానీ అది మాకోసం కూడా చెప్పినదని ఆ రోజే అర్థమయింది. ఆమె మమ్మల్ని అడిగారు. ఆమె తన వంతు చేశారు. మేము అడగవలసిన వారిని అడగలేదు. నీకు జ్ఞానం లేని విషయం వెంట పడవద్దని, చెవి, కన్ను, హృదయం అన్నిటి గురించీ విచారణ ఉంటుందని 'బనీ ఇస్రాయీల్' సూరా 36వ ఆయతు చెబుతోంది. "అందరూ అంటున్నారు" అన్న జవాబు ఆ విచారణలో చెల్లుతుందా?

మరి ఏం చేయాలి?

మొదటిది, పొట్టను కడగడం కంటే పొట్టను నింపకపోవడం మేలు. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు అన్న ప్రవక్త (స) బోధన తిర్మిజీలో ఉంది. ఏడాదికి వారం రోజులు కాదు, ప్రతి పూటా పాటించవలసిన పథ్యమిది. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద నూనెలో వేగిన ఐదు రకాల స్థానంలో ఖర్జూరం, నీళ్ళు, పండ్లు, ఒక వంటకం పెట్టి చూడండి. పండగ తర్వాత కడుక్కోవలసిన అవసరమే రాదు.

రెండోది, సోమ, గురువారాల నఫిల్ రోజాలు, ప్రతి చాంద్రమాసంలో మూడు రోజాలు సున్నత్‌గా మన ముందున్నాయి. ఆరోగ్యం అనుమతించినవారు అల్లాహ్ ప్రీతి కోసం వాటిని పాటించవచ్చు.

మూడోది, షుగరు, బీపీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు రమజాన్‌కు నెలా రెండు నెలల ముందే డాక్టరును కలవాలి. ఏ మాత్ర ఎప్పుడు, ఎంత వేసుకోవాలో, అసలు రోజా ఉండవచ్చో లేదో అడగాలి. రోజాలో వేలికొన నుంచి చుక్క రక్తం తీసి షుగరు పరీక్షించుకున్నంత మాత్రాన రోజా భంగం కాదని ఉలమాలు చెప్పారు. చక్కెర 70 కంటే తగ్గితే రోజా విరమించాలని వైద్యులు చెబుతారు. అప్పుడు విరమించడం అవిధేయత కాదు, అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని స్వీకరించడం.

నాలుగోది మనందరికీ. ఎవరైనా "ఇది చేయొచ్చా?" అని అడిగితే "నాకు తెలియదు, తెలిసినవారిని అడుగుదాం పదండి" అనడం నేర్చుకోవాలి. ఈ మాట అనడానికి ఖర్చు లేదు. కాస్త అహం తగ్గించుకుంటే చాలు.

ఖాలా ఇప్పుడు కోలుకున్నారు. మేము వెళ్ళి క్షమాపణ అడిగితే నవ్వి, "నువ్వు చెడు కోరి చెప్పలేదు కదా బేటా" అన్నారు. ఆమె క్షమించారు. కానీ మంచి కోరితే సరిపోదని, మంచేదో తెలుసుకోవాలని ఆ నవ్వు మాకు నేర్పింది.

అల్లాహ్ మనకు అప్పగించిన ఈ శరీరమనే అమానతును కాపాడుకునే వివేకాన్ని, తెలియనిది అడిగే వినయాన్ని, నాలుకను అదుపులో ఉంచుకునే భాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! రానున్న రమజాన్‌ను ఆరోగ్యంతో, స్వచ్ఛమైన సంకల్పంతో స్వాగతించే అదృష్టం కలిగించుగాక! ఆమీన్.